తిరిగొచ్చే లైను

సారు పోయాడని ఆదోని నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఎమ్మిగనూరులో, మా కాలేజీ ల్యాబులో ఉన్నాను. పిల్లలు లోలకాలు ఊపుకుంటూ, లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టుకుంటూ ఉన్నారు. ఫోన్ చేసింది సారు తమ్ముడు, ఆదోనిలో పరుపుల అంగడి నడిపే ఆయన. "అన్న పోయినాడమ్మా, పొద్దున," అన్నాడు. "యాడికి?" అన్నాను నేను. వెటకారం కాదు, నోటికి అదే వచ్చింది. నేనే తేరుకుని, వస్తున్నానని చెప్పి పెట్టేశాను.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నన్ను ఇన్నేళ్ళు తికమకలో పెట్టి, అవునో కాదో ఒక్క మాట చెప్పకుండా ఎలా పోతాడు మనిషి? అడగలేదా అంటే అడిగాను. బస్సులో అడిగాను, వాళ్ళింట్లో అడిగాను, ఆఖరికి ఆస్పత్రిలో మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కూడా అడిగాను. "సార్, ఆ లైను తప్పా, కాదా?" ముక్కులో గొట్టం పెట్టుకుని ఆయన నా వైపు తిరిగి, "టీ తాగినావా పాపా?" అన్నాడు. తాగానని చెప్పాను. ఆ తర్వాత నర్సు నన్ను బయటికి పంపేసింది.

ఆయన పేరు రాయను. రాస్తే ఆదోనిలో సగం మంది మా సారే అని పొంగిపోతారు, మిగతా సగం ఆ పిచ్చి లెక్కల ఆయప్పనా అని నవ్వుతారు. రెండూ ఆయనకు ఇష్టం ఉండేవి కావు. డిగ్రీలో నాకు ఫిజిక్స్ చెప్పాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడమ భుజం మీద ఏదో దులుపుకునేవాడు. అక్కడ ఏమీ ఉండేది కాదు. వాళ్ళది దూదేకే ఇల్లు. చిన్నతనంలో వాళ్ళ నాన్న విల్లు మీటి దూది ఏకుతుంటే, పక్కన కూర్చుని చదువుకునేవాడట. పీచు ఎగిరొచ్చి భుజాల మీద వాలేదట. విల్లు పోయి మిషను వచ్చింది, నాన్న పోయాడు, ఈయన లెక్చరరు అయ్యాడు, దులుపుకోవడం మాత్రం ఉండిపోయింది. మేం వెనక బెంచీల్లో ఆయన్ను అనుకరించి నవ్వుకునేవాళ్ళం.

క్లాసులో ఎవరేం తప్పు చెప్పినా "తప్పు" అనేవాడు కాదు. "ఉండనీ," అనేవాడు. భూమి బల్లపరుపుగా ఉందన్నా ఉండనీ అనేలా ఉండేవాడు. సరిగ్గా చెప్పినా అదే మాట. దాంతో ఎవరు పాసయ్యేది ఎవరు తప్పేది మాకు పరీక్ష దాకా తెలిసేది కాదు. మంచి సారు అని నేనైతే అప్పట్లో అనుకోలేదు.

ఆయన లెక్క ఏమిటో చెప్పకపోతే మనిషి అర్థం కాడు, కాబట్టి చెబుతాను. నాకు పూర్తిగా అర్థమైందని మాత్రం అనుకోకండి. కొన్ని పరమాణువుల్ని బాగా చల్లబరిచి, గాలి కూడా లేని గాజు గదిలో లేజరు వెలుతురుతో పట్టి ఉంచుతారు. అవి ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉంటాయి, విడివిడిగా లెక్క కట్టడానికి లొంగవు. అప్పుడప్పుడు వాటిలో ఒకటి జారి బయటికి పోతుంది. ఒకటి పోతే మిగిలినవన్నీ మారిపోతాయి. పోయేవి ఎలా పోతాయి, మిగిలినవి ఎలా ఉంటాయి అన్నది కంప్యూటరులో లెక్క కట్టడమే ఆ పని. పెద్ద ఊళ్ళలో పెద్ద యంత్రాలు పెట్టుకుని చేసే పని అది. సారు ఆదోనిలో, పాత ల్యాప్‌టాప్‌ను రెండు ఇటుకల మీద ఎత్తిపెట్టి, ఎండాకాలం దాని కింద తడిగుడ్డ పరిచి చేసేవాడు.

రిటైరు కాబోయే ముందు ఏవో తరగతులకని బెంగళూరు పోయాడట. అక్కడ ఎవరో ఈ సంగతి చెబుతుంటే విని, తలకెక్కించుకుని వచ్చాడు. ఆయన భార్యను నేను పిన్నమ్మా అనేదాన్ని. ఆమె నాతో అంటుండేది: "బెంగళూరు పోయినోళ్ళందరూ సీరలు తెస్తారు. మీ సారు ఈ తలనొప్పిని తెచ్చినాడు. దానికి దినామూ తడిగుడ్డ ఒగటి."

ఒకసారి ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. సాగనంపడానికి ఆయన వచ్చాడు. బస్సు రాలేదు. నేను విసుక్కుంటుంటే సారు భుజం దులుపుకుని మొదలుపెట్టాడు.

"బస్సు నిన్నేం సేసింది పాపా?"

"ఏం చేయలేదు సార్. అది రాలేదు."

"అదే సెప్తాండా. ఇందాక నిలబడింటివి. ఇప్పుడు సంచి మీద కూసున్యావు. ఇంగ కొంచేపటికి ఆటో అడుగుతావు. బస్సు రాల్యా అని తెలిసేకొద్దీ నువ్వు మారతాండావు సూడు. ఏమీ కాకపోవడం కూడా మనిషిని మారుస్తాది."

పక్కన ఉల్లిగడ్డల మూట మీద కూర్చున్న పెద్దాయన అంతా విని, "అప్పా, ఆ బస్సు ఈ పొద్దు ల్యా. ఇందాకనే సెప్పిపోయినారు," అన్నాడు. సారు ఆయనకు వంగి నమస్కారం పెట్టాడు. ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. తర్వాత చాలా రోజులకు పుస్తకంలో చూశాను, సారు చెప్పింది నిజంగా అందులో ఉంది. ఒక్క పరమాణువూ బయటికి రాలేదని తెలుసుకుంటూ ఉన్నా లోపలున్నవి మారుతూనే ఉంటాయట. ఆయన నాకు పాఠం చెప్పాడో, బస్సు లేదన్న సంగతి వినిపించుకోక కాలక్షేపం చేశాడో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఈ లెక్క చేసే వాళ్ళందరికీ ఒక ఒప్పందం ఉంది. బయటికి పోయింది పోయినట్టే. అది మళ్ళీ లోపలికి రాదు. అలా అనుకుంటేనే లెక్క చేతికి లొంగుతుంది. సారూ నేనూ కలిసి కట్టిన లెక్కలోనూ మొదట అలాగే ఉండేది. తర్వాత ప్రోగ్రాములో ఒక లైను వచ్చి చేరింది. నా బతుకంతా దాని చుట్టూ తిరిగింది కాబట్టి, అది ఎలా వచ్చిందో చెప్పాలి.

మాది ఆస్పరి దగ్గర పల్లె. వానలు మొహం చాటేసిన ఏడు దీపావళి దాటగానే ఇండ్ల ముందు ముళ్ళకంప అడ్డం పెట్టి, ఊళ్ళకు ఊళ్ళు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి పోతాయి. దాన్నే మేం సుగ్గి అంటాం. ఉగాదికి కూలీల మేస్త్రి లారీ ఎక్కించి మళ్ళీ ఊళ్ళో దింపుతాడు. మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ పోతూనే ఉంది. మిరపకాయల ఘాటుకు ఆమె చేతులు మండి, తిరిగొచ్చాక నెల దాకా అన్నం స్పూనుతో తినేది. సారు క్లాసులో కణాలు బయటికి పోయే సంగతి చెప్పడానికి సుగ్గినే ఉదాహరణ చేసేవాడు. పిల్లలు అంతకు మించినవాళ్ళు. పరీక్షలో ఒకడు "వ్యవస్థ నుండి నిష్క్రమించిన కణములు ఉగాదికి తిరిగి వచ్చును" అని రాశాడు. వాడికీ మార్కులు పడ్డాయి.

నేను పీహెచ్‌డీలో చేరాక సెలవు దొరికినప్పుడల్లా ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చి సారు దగ్గర కూర్చునేదాన్ని. ఒక ఆదివారం నేను ప్రోగ్రాము కొడుతున్నాను. ఆయన వెనక కుర్చీలో మిరపకాయ బజ్జీలోంచి మిరపకాయ తీసి నా ప్లేటులో వేసి, తొడుగు మాత్రం తింటున్నాడు. అది ఆయన పద్ధతి. ఆ ఏడు మా అమ్మ సుగ్గిలో ఉంది.

"పోయిన దాన్ని యాడ పెట్టినావు?" అన్నాడు.

"యాడా పెట్టలేదు సార్. తీసేసినాను."

"తీసేస్తే అది యాడికి పోయినట్టు?"

"బయటికి."

"బయట అంటే ఎంత?"

ఇక్కడి దాకా మా ఇద్దరికీ జ్ఞాపకం ఒకటే. దీని తర్వాతే తేడా. నా జ్ఞాపకంలో, ఆయన ప్లేటు కింద పెట్టి, "బయట సిన్నదైతే అవి తిరిగొస్తాయి. రానీ," అన్నాడు, నేను ఆ లైను కొట్టాను. ఆయన చెప్పేది వేరు. నేను కీబోర్డు మీంచి చేతులు తీయకుండా "మా అమ్మ ఉగాదికి వస్తుంది కదా సార్" అన్నానట, ఆయన ఆపే లోపే ఆ లైను కొట్టేశానట. సాక్షి ఎవరూ లేరు. పిన్నమ్మ వంటింట్లో మిక్సీ వేసుకుంటూ ఉంది.

లైను చేరాక గ్రాఫు మారిపోయింది. లోపల ఎన్ని మిగిలాయో చూపే గీత, కిందికి కిందికి జారాల్సింది, కొంత దూరం జారి, ఆగి, కాస్త పైకి లేచి, మళ్ళీ జారింది. సారు అది చూసి లేచి నిలబడ్డాడు. పిన్నమ్మను పిలిచి చూపించాడు. ఆమె కొంగుతో చేయి తుడుచుకుంటూ వచ్చి, "ఏందిది, ఎద్దు మూపురమా?" అంది. అప్పటి నుంచి అది మూపురమే. కొన్నేళ్ళపాటు మేం ఆ మూపురాన్ని మేపాం. పోయినవి ఎంత ఆలస్యంగా వస్తే అది ఎంత ఎత్తుకు లేస్తుంది, ఎక్కడ లేస్తుంది, ఇదే పని. బాగా వచ్చిన రోజు "మీ లైను బాగుంది సార్" అనేదాన్ని. "నీ లైనే పాపా" అనేవాడు. చెడిపోయిన రోజు నేను "మీ లైను సార్" అంటే, ఆయన "ఉండనీ" అనేవాడు.

యూనివర్సిటీలో నా గైడుకు మూపురం నచ్చలేదు. ఆయన చెడ్డవాడు కాదు. కాగితాలు తిరగేసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "గాజు గదిలోంచి పోయిన పరమాణువు ఎక్కడికి పోతుందమ్మా? గోడకు తగులుతుంది. అయిపోయింది. దాన్ని ఎవరు వెనక్కు తెస్తారు?" అన్నాడు. మేస్త్రి అని నోటి దాకా వచ్చి మింగేశాను. "ఆ లైను తీసేస్తే ఒక అధ్యాయం పోతుంది. ఉంచుకుంటే నువ్వు పోతావు," అన్నాడు.

నిజమే అన్నాడు. అప్పటికి నాకు ఇచ్చిన గడువులన్నీ అయిపోయాయి. ఆ ఏడు డాక్టరేట్ చూపించకపోతే కాలేజీలో నా ఉద్యోగం ఉండదు, అది ముందే చెప్పేశారు. ఉద్యోగం ఊడితే మా అమ్మ మళ్ళీ గుంటూరు లారీ ఎక్కాల్సిందే. నేను ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి "ఈ ఒక్క ఏడు పోయొస్తా, నీది గట్టి కానీ" అంటూ అన్ని ఏళ్ళూ పోతూనే ఉంది. మోకాళ్ళు పట్టేసి లారీలోకి ఆమెను ఇద్దరు పట్టి ఎక్కించే స్థితి వచ్చింది. నా దృష్టిలో థీసిస్ అంటే ఇంతే. క్వాంటమ్ ఏమైపోయినా నాకు ఫరవాలేదు, మా అమ్మ ఆ లారీ ఎక్కకూడదు.

ఆదోనికి పోయి సారును పట్టుకున్నాను. "సార్, ఒక్క మాట చెప్పండి. తప్పయితే తీసేస్తాను. తప్పు కాకపోతే ఎందుకు కాదో చెప్పండి, పోయి కొట్లాడతాను," అన్నాను.

"నీకేమనిపిస్తాది?" అన్నాడు.

"నాకేమీ అనిపించదు సార్, అయోమయంగా ఉంది."

"ఉండనీ," అన్నాడు.

ఆ మాటతో నాకు కోపం నెత్తికెక్కింది. ఒక అనుమానం అప్పటికే ఉంది, అడిగేశాను. మీ ఇంట్లో ఎవరైనా పోయి, తిరిగి రాని వాళ్ళున్నారా, అందుకే ఆ లైను మీద మీకు అంత ఆశా అని. సారు పగలబడి నవ్వాడు. "మా ఇంట్లో పోయినోళ్ళందరూ తిరిగొచ్చినారమ్మా. మా తమ్ముడు నాలుగుసార్లు దుబాయి పోతానని పోయినాడు, నాలుగుసార్లూ గుంతకల్లు నుంచే మళ్ళినాడు." లోపలి నుంచి పిన్నమ్మ, "నేనూ రెండుసార్లు అలిగి పుట్టింటికి పోయింటి. మళ్ళ రాల్యా? అదే నేను సేసిన తప్పు," అంది. నా సిద్ధాంతం అక్కడితో చచ్చింది. ఏ దుఃఖమూ లేని మనిషి ఆ లైనును ఎందుకంత పట్టుకున్నాడో ఇంకా అర్థం కాలేదు. లేక పట్టుకున్నది నేనా?

యూనివర్సిటీలో చివరి సెమినారు. థీసిస్ ఇచ్చే ముందు అందరి ముందూ నిలబడి చెప్పాలి, పెద్దలు ప్రశ్నలేస్తారు. మూపురం ఉన్న అధ్యాయం తీయకుండానే వెళ్ళాను. ధైర్యం కాదు, తీయాలో వద్దో తేలక. సారు నాకు చెప్పకుండానే పొద్దున బస్సుకు వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను ఆయన్ను ఇస్త్రీ చొక్కాలో చూడడం అదే మొదలు.

మూపురం బొమ్మ తెర మీదికి రాగానే బయట నుంచి వచ్చిన ఒక పెద్దాయన చేయెత్తాడు. "పోయినవి తిరిగి వస్తాయని ఏ ఆధారంతో అనుకున్నారు?"

నేను మొదలుపెట్టాను. బయట చిన్నదైతే అన్నాను. ఎంత చిన్నది అన్నాడు. గాజు గదికి అది ఎలా వర్తిస్తుంది అన్నాడు. నేను ఒక మాట అని దాన్ని కాదంటూ ఇంకో మాట అన్నాను. గైడు టేబులు వైపు చూస్తున్నాడు. అందరి ముందూ ఏడుస్తానేమో అని ఒకటే భయం. అప్పుడు వెనక కుర్చీ కిర్రుమంది.

సారు నిలబడ్డాడు. భుజం దులుపుకున్నాడు. "అయ్యా, ఆ లైను నాది. అది తప్పు. ఈ పాప నా మాట కాదనలేక పెట్టుకునింది. తీసేస్తే లెక్క సరిపోతాది," అన్నాడు.

"మీరెవరండీ?" అన్నాడు పెద్దాయన.

"ఆదోని," అన్నాడు సారు. హాల్లో కొందరు నవ్వారు. ఆయన ఇంకేమీ అనకుండా కూర్చున్నాడు.

తప్పు అన్న మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి, అదే చివరిసారి కూడా. అక్కడి నుంచి అంతా సులువైంది. మూపురం కోసేసి, ఆ అధ్యాయాన్ని మామూలుగా జారే గీతతో రాసి ఇవ్వమన్నారు. రాసి ఇచ్చాను. డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం నిలిచింది.

ఆ సాయంత్రం బస్సులో ఆయన పక్కనే కూర్చుని వచ్చాను. కర్నూలు దాటాక అడిగాను. "నిజంగా తప్పా సార్?"

"కిటికీ ఏసుకో పాపా, దుమ్ము," అన్నాడు.

"సార్, నన్ను పిచ్చిదాన్ని చేయకండి. తప్పని మీకు ముందే తెలిసుంటే ఇన్నేళ్ళు నాతో ఎందుకు చేయించారు? తప్పు కాకపోతే అందరి ముందు అట్లా ఎందుకన్నారు?"

ఆయన కిటికీ తానే వేసి, కళ్ళు మూసుకున్నాడు. నిద్రో నటనో తెలియలేదు. ఎమ్మిగనూరు వచ్చాక నేను దిగిపోయాను, ఆయన ఆదోనికి పోయాడు.

మా అమ్మ ఇప్పుడు ఎమ్మిగనూరులో నా దగ్గరే ఉంది. సుగ్గికి పోవడం మానేసింది. సంతోషంగా ఉందా అంటే, నన్ను తిట్టడానికి ఆమెకు మంచి తీరిక దొరికింది. "ఈడ నాకు పొద్దు పోదు. అందరూ గుంటూరు పోయినారు, నన్ను ఈడ బొమ్మ మాదిరి కూసోబెట్టినావు," అంటుంది. చేతులు మాత్రం నున్నబడ్డాయి. అన్నం చేత్తోనే కలుపుకుంటుంది. అది చూసినప్పుడల్లా సారుకు మనసులో దండం పెట్టుకుంటాను, ఆ వెంటనే కోపమూ వస్తుంది.

ఎందుకంటే నేను ఊరుకోలేకపోయాను. ఉద్యోగం గట్టిపడ్డాక ఆ లైనును మళ్ళీ పెట్టి చూశాను. బయటను చిన్నది చేస్తే మూపురం లేస్తుంది. పెద్దది చేస్తూ పోతే అణిగి, మాయమవుతుంది. అంటే ఆ లైను తప్పూ కాదు, ఒప్పూ కాదు. పోయినవి వస్తాయా రావా అన్నది బయట ఎంతుందో దాన్నిబట్టి ఉంటుంది. గాజు గదికి అది తప్పే కావచ్చు, ఇంకోచోట నిజం కావచ్చు. ఇది సారుకు తెలుసా? తెలిసే తప్పన్నాడా? గ్రాఫులు పట్టుకుని ఆదోనికి పరుగెత్తాను. ఆయన కళ్ళజోడు తీసి, కాగితం ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "బాగుండాది," అన్నాడు. కాగితం మడిచి నా చేతిలోనే పెట్టి, ఉగ్గాని తింటావా అని అడిగాడు. ఇటుకల మీద ల్యాప్‌టాప్ లేదు. తమ్ముడి పిల్లలకు ఇచ్చేశాడట. సెమినారు తర్వాత మళ్ళీ ఆ లెక్క ముందు కూర్చోలేదని పిన్నమ్మ చెప్పింది. మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోతున్నాడని కూడా చెప్పింది. విరిగిపోయిన మనిషికి అంత హాయిగా నిద్ర పడుతుందా? బరువు దిగిన మనిషికైతే పడుతుంది. ఏది అనుకోవాలో తెలియక ఉగ్గాని తిని వచ్చేశాను.

ఆయన పోయిన కొన్నాళ్ళకు పిన్నమ్మను చూడడానికి వెళ్ళాను. పోయిన రోజు జనంలో ఆమెతో మాట్లాడనే లేదు. ఆమె గోడకానుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కన చాప పరిచింది. చాలాసేపు మా అమ్మ మోకాళ్ళ గురించి అడిగింది. తర్వాత నేనే తెచ్చాను ఆ మాట. "పిన్నమ్మా, ఆ లైను గురించి సారు నీతో ఎప్పుడన్నా ఏమన్నా అన్నాడా?"

"నాతో ఏమంటాడు? నాకు ఎద్దు మూపురమొగటే తెల్సు," అంది. ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది. "మీ మీటింగుకు వచ్చే ముందు దినం మాత్రం భలే సేసినాడు. సొక్కా తానే ఇస్త్రీ సేసుకున్యాడు. అద్దం ముందర నిలబడి రెండు మాటలు మళ్ళ మళ్ళ సెప్పుకుంటాండాడు. 'ఆ లైను నాది. అది తప్పు.' మళ్ళ అదే. ఏంది నీకేమన్నా గాలి సోకిందా అన్న్యా. 'రేపు అందరి ముందర ఒగ అబద్దం సెప్పాల, నాకు అలవాటు ల్యా' అన్యాడు."

"ఒకటేనా పిన్నమ్మా? ఒక అబద్ధమనే అన్నాడా?"

"ఒగటే అన్యాడు."

"రెండు మాటలు కదా. లైను నాది అన్నది అబద్ధమా? తప్పు అన్నది అబద్ధమా?"

మొదటిది అబద్ధమైతే ఆ లైను నాది, అది నిజంగానే తప్పు, నా తప్పును ఆయన తన నెత్తిన వేసుకున్నాడు. రెండోది అబద్ధమైతే ఆ లైను ఆయనది, అది నిజం, నా కోసం దాన్ని తన నోటితోనే తప్పు చేశాడు. ఆమె చేయి పట్టుకుని అడిగాను.

"నాకేం తెల్సమ్మా," అంది పిన్నమ్మ. "నేనూ అద్దంలో మొగం సూసినా కనుక్కుందామని. రెండు మాటలూ ఒగే మాదిరి సెప్తాండావు, ఏది అబద్దమో తెలీడమే ల్యా అన్న్యా. అప్పుడు నవ్వినాడు. 'అయితే సాలు' అని పోయి పండుకున్యాడు."